ఇద్దరూ ఒక్కరే

యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు కాడ
యాకయ్య జిరాక్స్ సెంటర్ల నాకు ఏడేండ్లు.
మే నెలల మిషన్ ముంగట నిలబడుడంటే
గాడిపొయ్యి ముంగట నిలబడ్డట్టే.
ఒకరి పదో తరగతి మెమో, ఒకరి ఆదాయ పత్రం,
మడత కాడ చినిగిన ఒకరి టీసీ.
ఆకుపచ్చ వెలుతురు వాటి కిందికెళ్ళి పోతుంటది
రాత్రి చేన్ల పక్కపొంటి బండి లైటు పోయినట్టు.
ఎవరెవరు బీఎడ్‌కు కడుతున్నరో
వాళ్ళింట్లోళ్ళ కంటె ముందు నాకే ఎరుక.

ఈ ఏడు ఆ కట్టల అడుగున నాది సుత పెట్టిన.

ఎవరికీ చెప్పలే.
మిషన్ల ఇరికి నల్లబడ్డ కాపీలు
తూకానికి పోకముందే ఏరుకొచ్చి
వెనక దిక్కు లెక్కలు చేసిన.
శాతాలు, వడ్డీలు, వంతెన దాటే రైళ్ళు.
కాగితం తిప్పితే
ఎవరో పిలగాని మొఖం, బొగ్గు పూసినట్టు,
కింద తెలుగుల ముప్పై అయిదు.
వీడు యాడున్నడో ఇప్పుడు, గట్టెక్కిండా,
అనుకుంట అనుకుంట కూసుంటె
నా రైలు వంతెన మీదనే ఆగిపోయేది.

బోధనా అభిరుచి అని ఒక భాగముంటది.
వెనక బెంచీల ఒక పిల్ల
రోజూ మాట్లాడకుంట కూసుంటది,
ఉపాధ్యాయురాలిగా నువ్వేం చేస్తవు?
శిక్షిస్తవా, ఇంటికి కబురు పెడతవా,
పట్టించుకోవా, కారణం తెలుసుకుంటవా?
జవాబు నాలుగోది.
ఎవల్ని అడిగినా నాలుగోదే అంటరు.
మా సారు సుత ఆ పరీక్ష రాసే వచ్చిండు గద.

మొగుళ్ళపల్లి బడిల మొదటి రోజు
నాయిన ఏలు ఇడిచి నేను చెప్పిన పేరు పోశవ్వ.
సారు నవ్విండు. మంచిగనే నవ్విండు, చెడ్డోడు కాదు.
"గిదేం పేరు బిడ్డా, పుష్పలత అని రాస్త" అన్నడు.
నాయిన దండం పెట్టిండు.
అటెన్క పదేండ్లు హాజరు పిలిచినప్పుడల్లా
ఒక్క ఘడియ ఆగి పలికేదాన్ని,
పుష్పలత ఎవలో వస్తదేమో అని చూసి.

ఇప్పుడు మెమోల పుష్పలత,
కుల పత్రంల, ఆధార్‌ల పోశవ్వ.
మీసేవ పిలగాడు తెర మీదికెళ్ళి కండ్లు తియ్యకుంట
"అక్కా, ఈమె ఎవరు?" అన్నడు.
కోర్టు ఎదురుంగ నీలి గొడుగు కింద
నోటరీ సారు వంద రూపాల బాండు మీద కొట్టిచ్చిండు:
పై ఇద్దరూ ఒక్కరే అని ప్రమాణ పూర్వకముగా.
ఏ పేరుతోని సంతకం పెట్టాలె అన్న.
రెండూ పెట్టమ్మా, ఎనక మంది ఉన్నరు, అన్నడు.
పుష్పలత గుండ్రంగ వచ్చింది, బడి రాత.
పోశవ్వ జర వంకర పోయింది
కొత్త చెప్పులు కరిసినట్టు.

ఆ బాండు కాపీ తీస్తుంటెనే యాకయ్య చూసిండు.
శానసేపు చదివిండు, రెండు లైన్లే ఉన్నయి.
"వయసు హద్దు లేదా మరి?"
లేదన్న.
"లామినేషన్ చెయ్యాల్నా?"
వద్దు, చేస్తె వెరిఫికేషన్ల తీసుకోరు.
నాకు తెల్వదా, అన్నట్టు చూసి
గల్లపెట్టెకెళ్ళి చిల్లర తీసి
మళ్ళ అండ్లనే ఏసిండు.

ఫీజు కట్టిన. ఫోటో ఎక్కింది.
సబ్జెక్టు కాడ చెయ్యి ఆడలేదు,
జీవశాస్త్రమా, సాంఘికమా.
రేపటి దాక టైముంది.

రాత్రి షట్టరు సగం దించి
చెడిపోయిన కాపీల కట్ట ముంగటేసుకున్న.
రేపు తూకమోడు వస్తడు.
పొద్దుపోక కాదు, ఎందుకో తెల్వదు,
పై కాగితం నుంచి ఒక్కొక్క పేరు పిలిచిన.
బానోతు సురేఖ. గడ్డం నర్సింగం. అస్మా బేగం.
సగమే అచ్చయిన ఒక పేరు, రమణ అనో, రమణి అనో.
దాన్ని రెండు తీర్ల పిలిచిన.
ములుగు రోడ్డు మీద ఆఖరి బస్సు పోయింది.
మిషన్ సల్లారుతుంటె ఇనుము చిటుక్కుమంది.
ఎవలూ పలకలే.
ఇంకొక్క ఘడియ ఆగిన.